సగం మందు

"అమ్మా, ఇందులో మాత్రలేవీ?"

డెలిత్ వంటింటి అలమర తలుపు తెరిచి పట్టుకుని అడిగింది. రెండో చేతిలో తండ్రి మందుల సంచి ఉంది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఆ సంచిలో ఎప్పుడూ రెండు పెట్టెలుండాలి. ఊపిరితిత్తుల వాపు తగ్గించే మాత్రలు ఒకదాంట్లో, బాక్టీరియాను చంపే యాంటీబయోటిక్ మాత్రలు రెండోదాంట్లో. కళ్ళె రంగు మారిందంటే డాక్టరు కోసం ఎదురుచూడకుండా ఆ పూటే రెండూ మొదలుపెట్టాలి. మొదటి పెట్టె నిండుగానే ఉంది. రెండోదాంట్లో రేకు ఉంది గాని, ఆరు గుంటలూ ఖాళీ.

తల్లి గ్లెనిస్ కెటిల్‌లో నీళ్ళు పడుతోంది. నిండి పొంగుతున్నా కుళాయి కట్టలేదు.

కిటికీ పక్క కుర్చీలో హేడెన్ ప్రోసర్ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఈల వేయబోతున్నవాడిలా పెదాలు ముడిచి, కొంచెం కొంచెంగా గాలి వదులుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు బొగ్గు గనిలోకి దిగినవాడు. గని మూతపడి ముప్పై ఏళ్ళు దాటినా దాని దుమ్ము ఆయన్ని వదలలేదు. చలికాలంలో ఒకటి రెండుసార్లు జబ్బు తిరగబెట్టడం ఆ ఇంటికి అలవాటే. కానీ ఇప్పుడు మే నెలాఖరు, డిసెంబరు నుంచి లెక్కేస్తే ఇది నాలుగోసారి.

అలమర తలుపు లోపలివైపు రంగుల కార్డు అంటించి ఉంది. తెలుపు, లేత పసుపు, పసుపు, ఆకుపచ్చ. పొద్దున హేడెన్ ఉమ్మిన కాగితపు కప్పును డెలిత్ ఆ కార్డు పక్కన పెట్టి చూసింది. కప్పులో ఉన్నది చివరి గడి కంటే ముదురుగా ఉంది.

"నాన్నా, నిన్నే. మాత్రలెవరు వేసుకున్నారు?"

హేడెన్ తలెత్తలేదు. ఆయన చూపు ఎప్పట్లాగే కిటికీలోంచి పెరటి మెట్ల మీద ఉంది. నిటారుగా ఇరవై రెండు మెట్లు. వాటి పైన ఆకుపచ్చ రంగు చెక్కలతో పావురాల గూడు. ఈ లోయలో ఇళ్ళన్నీ కొండకు అంటుకుని ఉంటాయి, పెరళ్ళన్నీ ఆకాశంలో ఉంటాయి. ఫిబ్రవరి నుంచి ఆ మెట్లెక్కే ఊపిరి ఆయనకు లేదు. మేత వేసేది, నీళ్ళు మార్చేది, రెట్టలు గోకేది గ్లెనిస్. ఆయన కిందనుంచి చూస్తాడు, ఆవిడ దిగి రాగానే ఒకటే ప్రశ్న అడుగుతాడు, మార్గెడ్ ఎలా ఉందని. మార్గెడ్ అంటే నీలం రెక్కల ఆడ పావురం. పోయినేడు పందెంలో ఫ్రాన్సులో వదిలితే సముద్రం దాటి, ఊళ్ళో పావురాల క్లబ్బువాళ్ళ పిట్టలన్నిటికంటే ముందు ఇంట్లో వాలింది. దాని ఫొటో ఈ ఇంట్లో మనవరాలి ఫొటో కంటే పెద్దది.

మాత్రలు ఎక్కడికి పోయాయో గ్లెనిస్‌కు తెలుసు.

సోమవారం పొద్దున ఆవిడ మెట్లెక్కేసరికి మార్గెడ్ ఒక మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. ఒక కన్ను తడిగా ఉంది. దగ్గరికి వంగితే దాని గొంతులో గురగుర వినిపించింది. రాత్రంతా పక్క దిండు మీద తను వినే గురగురే అది. ఆ పిట్ట పోతే ఈ మనిషి ఎన్నాళ్ళుంటాడు? పాతరోజుల్లో హేడెన్ పిట్టలకు జబ్బు చేస్తే మనుషుల మాత్రలే నూరి నీళ్ళలో కలిపేవాడు. లోయలో పావురాలు పెంచేవాళ్ళంతా చేసే పనే, అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. ఆవిడ కిందికొచ్చి, సంచి తీసి, ఆరు మాత్రలూ అప్పడాల కర్రతో నూరి పట్టుకెళ్ళింది.

కొత్తవి తెప్పిస్తే సరిపోతుందనుకుంది. కానీ సోమవారం సెలవు. మంగళవారం క్లినిక్ ఫోను దొరకలేదు. బుధవారం దొరికితే, శుక్రవారం వచ్చి తీసుకోమన్నారు. ఈరోజు గురువారం, ఆయన కళ్ళె పచ్చబడింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ గ్లెనిస్ కుళాయి కట్టేసి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. పొడిగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"నేనే వేసుకున్నా," అన్నాడు హేడెన్.

గ్లెనిస్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"ఎప్పుడు?" అంది డెలిత్.

"పోయిన వారం."

"పోయిన వారం నువ్వు గుండ్రాయిలా ఉన్నావు. ఆదివారం మా ఇంట్లో గొర్రె మాంసం రెండోసారి వడ్డించుకున్నావు."

"పైకి బాగానే ఉన్నా..." ఆయన ఊపిరి కోసం ఆగాడు. "లోపల బాగాలేదు. నీ దగ్గర సెలవు తీసుకుని వేసుకోవాలా?"

"అవి మొదలుపెట్టిన రోజే నర్సుకి ఫోన్ చెయ్యాలని నీకు ఎన్నిసార్లు చెప్పారు నాన్నా? నువ్వు చెప్పవు. అమ్మ చెప్పదు. ఈ ఇంట్లో పిట్టలకి దగ్గొస్తే వీధంతా తెలుస్తుంది, మనిషికి వస్తే గోడకి కూడా తెలియదు."

డెలిత్‌కు కోపమొస్తే మాట పదునెక్కుతుంది, ఆ పదును తండ్రిదే. బడి వంటగదిలో పనికి వెళ్ళే దారిలో రొట్టె ఇచ్చి పోదామని వచ్చింది. ఇప్పుడిక పని సంగతి మర్చిపోయి, నర్సు మెరెరిడ్‌కు ఫోన్ చేసింది. కప్పులోని రంగు, ఖాళీ రేకు, అన్నీ చెప్పింది. పావుగంటలో వస్తానని ఆమె అందట.

గ్లెనిస్ మొగుడి వైపు చూసింది. ఆయనకు ఎలా తెలుసు? తర్వాత గుర్తొచ్చింది. మెట్లెక్కే మనిషి చేతుల్లో ఏముందో ఆ కిటికీలోంచి బాగా కనిపిస్తుంది. సోమవారం నుంచి తెలిసి ఊరుకున్నాడు. తెలిసే రోజూ మార్గెడ్ ఎలా ఉందని అడిగాడు. ఇప్పుడు ఆవిడ తప్పును తన మీద వేసుకున్నాడు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన ఇంత ప్రేమగా అబద్ధం చెప్పడం ఆవిడ ఎరగదు. ఆ ప్రేమకు ఆవిడకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

మెరెరిడ్ వచ్చి, కోటు కూడా విప్పకుండా హేడెన్ వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు తగిలించింది. ముప్పై ఐదేళ్ళ పిల్ల. ఆమె తాతా హేడెనూ ఒకే గనిలో పనిచేశారు. ఎప్పుడొచ్చినా ముందు పావురాల గురించి వేళాకోళమాడి తర్వాత జబ్బు సంగతి ఎత్తుతుంది. ఇవాళ వేళాకోళం లేదు. క్లిప్పు మీద ఎనభై నాలుగు అని పడింది. ఆయనకు మామూలుగా తొంభై ఉంటుంది. ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"హేడెన్ గారూ, ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. ఆ ఆరు మాత్రలూ మీరే వేసుకున్నారా?"

"ఆరూ."

"పోయిన వారమే?"

"ఆఁ."

మెరెరిడ్ పెదవి కొరుక్కుంది. కోర్సు పూర్తయిన వారానికే ఇంత పచ్చగా రావడమంటే మందు బొత్తిగా పనిచెయ్యనట్టే, వేరే మందు మొదలుపెట్టాలి అని డెలిత్‌తో మెల్లగా చెప్పింది. ఆ వేరే మందు ఆయన గుండెకు అంత మంచిది కాదు, అయినా తప్పదేమో, డాక్టరుతో మాట్లాడతానని ఫోన్ తీసింది.

గుండె మాట వినగానే గ్లెనిస్ ఇక ఆగలేకపోయింది.

"ఆయన వేసుకోలేదు. నేను పావురాలకి పోశాను."

"గ్లెనిస్," అన్నాడు హేడెన్.

"నువ్వూరుకో. సోమవారం, మార్గెడ్‌కి బాగాలేకపోతే నూరి నీళ్ళలో కలిపాను. ఆరూ. ఆయన నోట్లోకి ఒక్కటీ పోలేదు."

డెలిత్ తల్లిని చూసిన చూపులో కోపం కూడా లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత పెరటి తలుపు తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్తోందో చెప్పలేదు, అడిగే ధైర్యం గ్లెనిస్‌కు లేదు.

మెరెరిడ్ మాత్రం తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక నిట్టూర్పు విడిచింది.

"చూడండి గ్లెనిస్ గారూ, మీరు చేసింది మంచి పని కాదు. కానీ చెప్పారు కాబట్టి బతికించారు. మందు ఓడిపోయిందనుకున్నాను, అసలు పడనే లేదన్నమాట. అయితే అదే మందు ఇప్పుడు మొదలుపెడదాం. ఏప్రిల్లో అదేగా ఈయన్ని గట్టెక్కించింది."

ఆమె తన సంచిలోంచి అలాంటి పెట్టె ఒకటి తీసి, రేకు చింపి, మొదటి రోజు రెండు కాబట్టి రెండు మాత్రలు హేడెన్ అరచేతిలో పెట్టింది. గ్లెనిస్ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఎంతో బరువు దిగిపోయి ఆవిడ చేతులు తేలిపోతున్నాయి. అంతా అయిపోయింది, చెప్పేశాను, ఇక మాత్ర వేసుకుంటాడు, పచ్చరంగు పోతుంది, రేపటికి కార్డులో మొదటి గడి వస్తుంది.

హేడెన్ అరచేతిలోని మాత్రల్ని చూస్తున్నాడు. నోట్లో వేసుకోవడం లేదు.

"వేసుకో హేడెన్."

ఆయన ఆవిడ వైపు చూసి ఏదో అనబోయాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేలోగా పెరటి తలుపు తెరుచుకుంది.

డెలిత్ చేతిలో తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది. గని రోజుల్లో హేడెన్ రొట్టె ముక్కలు పెట్టుకెళ్ళిన డబ్బా. ఇంకా ఏమైనా మాత్రలు గూట్లో మిగిలాయేమో చూద్దామని వెళితే, మేత పీపా వెనక చెక్కసందులో ఇది దొరికిందని చెప్పి, బల్ల మీద మూత తీసి బోర్లించింది.

మూడు మందుల పెట్టెలు పడ్డాయి. మూడింటి మీదా మందుల షాపువాళ్ళు అంటించిన చీటీలున్నాయి. హేడెన్ ప్రోసర్, డిసెంబరు. హేడెన్ ప్రోసర్, ఫిబ్రవరి. హేడెన్ ప్రోసర్, ఏప్రిల్. మొదటి రెండు పెట్టెల్లో రేకులు ఖాళీ. ఏప్రిల్ పెట్టెలో రేకుకు మూడు మాత్రలు మిగిలి ఉన్నాయి. డబ్బా అడుగున కాఫీ చెంచా ఒకటి, తెల్లటి పొడి అంటుకుని ఉంది.

గ్లెనిస్‌కు ఆ డబ్బా సంగతి తెలియదు. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు ఆ గూట్లోకి వెళ్తోంది, మేత పీపా వెనక ఎన్నడూ చెయ్యి పెట్టలేదు.

"ఇవి ఎవరు పెట్టారు?" మెరెరిడ్ గొంతు మారింది. "ఏప్రిల్లో మీరు మెట్లెక్కడం లేదుగా?"

"ఎక్కాను," అన్నాడు హేడెన్. "ఈవిడ చర్చికి పోయినప్పుడు. గంట పట్టేది. మెట్టు మెట్టుకీ కూర్చుని."

"ఈ మాత్రలు?"

ఆయన పెదాలు ముడిచి గాలి వదిలాడు. పెదాల అంచులు నీలంగా ఉన్నాయి.

"మూడు నాకు. మూడు వాటికి. రెండ్రోజులు వేసుకుంటే నాకు తెల్లబడిపోయేది. తెల్లబడ్డాక ఇంకెందుకని..." మళ్ళీ గాలి. "గనిలో డబ్బా మొత్తం ఎవడూ తినడమ్మా. సగం జతగాడికుంచుతాడు. మీ తాతనడుగు."

మెరెరిడ్ తాత పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి హేడెన్‌కు తెలుసు, శవపేటిక మోసినవాళ్ళలో ఆయనొకడు. ఊపిరి అందక మతి తప్పుతోందని గ్లెనిస్‌కు అప్పుడే అర్థమైంది.

మెరెరిడ్ వంగి, హేడెన్ అరచేతిలోంచి ఆ రెండు మాత్రలూ వెనక్కి తీసేసుకుంది.

గ్లెనిస్ నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "అదేమిటి? ఇప్పుడేగా వేసుకోమన్నావు."

రెండు వారాల కిందట తను తీసుకెళ్ళిన కళ్ళె పరీక్ష ఫలితం సెలవుల వల్ల ఇంకా చూడలేదని, ఒక్క నిమిషం ఆగమని మెరెరిడ్ ల్యాబుకు ఫోన్ చేసింది. హేడెన్ పేరు చెప్పింది, పుట్టిన తేదీ చెప్పింది, తర్వాత వింటూ ఉంది. వింటున్నకొద్దీ ఆమె చెయ్యి బల్ల మీది ఖాళీ పెట్టెను మెల్లగా నలిపేసింది.

ఫోన్ పెట్టేశాక తల్లీకూతుళ్ళిద్దరికీ చెప్పింది. ఆయన ఛాతీలో పెరుగుతున్న బాక్టీరియా ఈ మాత్రకు లొంగదు. రెండు రోజుల మందుకు బలహీనమైనవి చస్తాయి, కళ్ళె తెల్లబడుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. గట్టివి మిగిలిపోతాయి. మూడుసార్లు అలా చేస్తే మూడుసార్లూ గట్టివే మిగులుతాయి. అసలు కారణం అదేనని ప్రమాణం చేసి చెప్పలేనుగానీ, తనకైతే అలాగే అనిపిస్తోంది అంది. ఇక నోటి మాత్రలతో అయ్యే పని కాదు, ఆసుపత్రిలో నరానికి ఎక్కించాలి. ఆ మందైనా పనిచేస్తుందా అని డెలిత్ అడిగింది. చెయ్యాలి అని మాత్రం అంది మెరెరిడ్.

అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో డెలిత్ తండ్రి బట్టలు సర్దింది, షేవింగ్ సామాను సర్దింది, తల్లి ముందు నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. చివరికి వీధి గుమ్మం దగ్గర ఆగి, తల్లికి మాత్రమే వినిపించేలా అంది.

"ఆయన దాచాడు, నువ్వు దాచావు. ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు. నాన్నకంటే ఆ పిట్టలు ఎక్కువయ్యాయి మీకు."

"నేను ఆయన కోసమే..."

"నాకు తెలుసమ్మా. అందుకే తిట్టడం కూడా చేతకావడం లేదు."

అంబులెన్సువాళ్ళు హేడెన్‌కు ఆక్సిజన్ మాస్కు పెట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ గడప దాటబోతుంటే ఆయన ద్వారబంధం పట్టుకున్నాడు. ఎంత చెప్పినా వదలడు. వేళ్ళు తీయబోతే మొత్తుకున్నాడు. గ్లెనిస్‌ను పిలవమని సైగ చేశాడు. ఆవిడ దగ్గరికెళ్ళి వంగింది.

"పిల్లా," అన్నాడు మాస్కులోంచి. పెళ్ళికి ముందు అలా పిలిచేవాడు, పెళ్ళయ్యాకా మానలేదు. "నేనొచ్చేదాకా పిట్టల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. మార్గెడ్‌ని చూసుకో. మాటివ్వు."

"ముట్టుకోనివ్వను."

"మాటివ్వు."

"మాటిస్తున్నా. పద."

ఆయన వేళ్ళు ద్వారబంధాన్ని వదిలాయి.

వీధిలో ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఈ వీధిలో అంబులెన్సు వెనకాల నిలబడటం అందరికీ అలవాటే, ఏ మాటా పనికిరాదని అందరికీ తెలుసు. కుర్చీని లోపలికెక్కించారు. డెలిత్ కూడా ఎక్కబోతూ, మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగి, వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఆ గూడు రేపటికి ఖాళీగా ఉండాలి. క్లబ్బువాళ్ళకి ఇస్తావో, ఏం చేస్తావో నాకు తెలీదు. ఆ దుమ్ములోకి, ఆ పిట్టల్లోకి నాన్నని మళ్ళీ పంపించను. అవి ఉంటే ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి తీసుకెళ్తాను, ఈ గడప తొక్కనివ్వను. నువ్వు ఒప్పుకుంటున్నావా లేదా?"

గ్లెనిస్ కళ్ళముందు ఆ కుర్చీ, ఆ కిటికీ, రెండూ ఖాళీగా కనిపించాయి. ఆయన లేని వంటింట్లో తానొక్కతే కెటిల్ పెట్టుకోవడం కనిపించింది.

"ఒప్పుకుంటున్నా," అంది. "రేపు పంపించేస్తాను. అన్నీ."

"మార్గెడ్‌తో సహా?"

"మార్గెడ్‌తో సహా."

డెలిత్ తలాడించి లోపలికి ఎక్కి పక్కకి జరిగింది. అప్పుడు కనిపించాడు హేడెన్. ఆమె వెనకే, రెండడుగుల దూరంలో, మాస్కు పైనుంచి కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. ఆ కళ్ళు గ్లెనిస్ మీదే ఉన్నాయి.

"హేడెన్," అంది ఆవిడ.

ఆయన చెయ్యెత్తి, ఏదో చెప్పడానికి మాస్కు కిందికి లాక్కున్నాడు. పెదాలు కదిలాయి. అదే క్షణంలో అంబులెన్సు మనిషి తలుపులు మూసేశాడు.